పద్నాలుగు అడుగుల నడవ

“హైమా, మన ఇల్లు పెరిగిందే,” అన్నారు మా ఆయన, పళ్లు తోముకుంటూ.

నేను అద్దం ముందు నిలబడి చీర కుచ్చిళ్లు పోసుకుంటున్నాను. ఆరున్నరకల్లా కేంద్రంలో ఉండాలి.

“ఇల్లు పెరగడమేంటండీ, అదేమైనా ఆనపపాదా?”

“నవ్వకు. మంచం దగ్గర్నించి వంటింటి గడపకి పద్నాలుగు అడుగులు. ఈ క్వార్టర్స్‌కి వచ్చిన రోజు నించీ పద్నాలుగే. ఇవాళ పదిహేనో అడుక్కి గానీ గడప తగల్లేదు.”

మా ఆయన సన్యాసిరావుకి పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో కూర్చుని హార్మోనియంలు బాగుచేస్తారు. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి భజన బృందాల వాళ్లు పెట్టెలు మోసుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఆయనకి ప్రపంచమంతా అడుగుల లెక్క. వీధి తలుపు నుంచి కుళాయికి ఇరవై రెండు, కుళాయి నుంచి కొట్టుకి నూట నాలుగు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆ లెక్క తప్పగా నేను చూడలేదు.

అయినా ఆ రోజు నేను నమ్మలేదు. “నలభై నాలుగేళ్లు వచ్చాయి, అడుగు పొట్టిదై ఉంటుంది,” అని వేళాకోళమాడి వెళ్లిపోయాను. ఇంజనీరునని నాకు కాస్త పొగరు ఉండేది. ఇప్పుడు లేదు.

మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి తలుపు తీయగానే వంటిల్లు, ఆ చివర పడకగది, రెంటికీ మధ్య ఇరుకైన నడవ. పడకగదికి ఆ నడవలోంచి తప్ప వేరే దారి లేదు. కిటికీ ఉంది గాని ఇనప ఊచలు. క్వార్టర్స్ వెనకే మా కేంద్రం, కేంద్రం మధ్యలో స్తంభం. నడవ సరిగ్గా ఆ స్తంభానికి ఎదురుగా ఉందని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు గాలిలో ఐదు వందల కిలోమీటర్లు. విమానంలో గంటా పావు పట్టేది. మేం దాన్ని తొమ్మిది నిమిషాలకు తెచ్చాం. విమానాన్ని వేగంగా నడిపి కాదు, దారినే మడిచి.

మా డైరెక్టరు భుజంగరావు గారు ఈ సంగతి అందరికీ ఒకేలా చెప్పేవారు. భుజం మీది ఉత్తరీయం తీసి బల్ల మీద పరిచి, ఈ కొన విశాఖ, ఆ కొన హైదరాబాదు అనేవారు. తర్వాత దాన్ని వేళ్లతో కుచ్చిళ్లు పోసి రెండు కొనలూ దగ్గరికి తెచ్చేవారు. “చూశారా! గుడ్డ చింపలేదు, కత్తిరించలేదు. నాలుగు మూరలు జానెడైంది.” స్తంభం చేసేది అదే. విమానం పైకి లేవగానే దారిని మడిచి పట్టుకుంటుంది, అవతల దిగగానే వదిలేస్తుంది.

వచ్చిన పెద్దలంతా చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను. రోజూ ఆరు గజాల చీర కట్టుకునేదాన్ని, నాకైనా తట్టి ఉండాల్సింది. కుచ్చిళ్లు పోస్తే చీర తగ్గదు. మిగిలిన గుడ్డంతా బొడ్డు దగ్గర పోగుపడుతుంది. వదిలేశాక కూడా ముడత ముడతగానే ఉంటుంది.

అలా దూరం ఏమైనా మిగిలిపోతోందా అని చూడ్డానికే ఆవరణలో రెండు కొలతరాళ్లు పాతారు. వాటి మధ్య నలభై మీటర్లు. వెలుగు కిరణం ఒకటి ఆ దూరాన్ని పొద్దస్తమానం కొలుస్తూ ఉంటుంది. మొదటి రోజు కన్నా పది మిల్లీమీటర్లు పెరిగితే చాలు, యంత్రం తనంతట తానే తాళం వేసుకుని ఆగిపోతుంది. ఆ కొలత చూసే పని నాది.

భుజంగరావు గారికి దైవభక్తి ఎక్కువ. రోజూ మొదటి విమానానికి ముందు యంత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టించేవారు. హారతి కళ్లకద్దుకుని నా వైపు తిరిగి, “ఊ, సున్నా చెయ్యమ్మా. నిన్నటి మకిలి ఇవాళ్టికి వద్దు,” అనేవారు. నేను సున్నా మీట నొక్కేదాన్ని. కొలత మళ్లీ మొదటికి వచ్చేది. ప్రసాదం కొబ్బరిముక్క నోట్లో వేసుకుని కుర్చీలో కూర్చునేదాన్ని. సాయంత్రానికి ఆరో ఏడో మిల్లీమీటర్లు చూపించేది. నోటుపుస్తకంలో ఆ అంకె వేసి, “పరిమితిలోనే ఉంది” అని రాసి సంతకం పెట్టేదాన్ని. సున్నా ఒక్కసారే చెయ్యాలని, అదీ మొదటి రోజేనని నియమావళిలో ఉంది. కాని పూజ దగ్గర నియమావళి ఎవరు చదువుతారు? కొత్త రోజుని శుభ్రంగా మొదలుపెట్టడం తప్పని ఎవరికి తోస్తుంది?

ఇంట్లో ఆయన అడుగుల లెక్క పదిహేను నుంచి పదిహేడైంది. పదిహేడు ఇరవై మూడైంది.

ఓ ఆదివారం నేనే కుట్టుమిషను టేపు తెచ్చి నడవ కొలిచాను. ఇల్లు కట్టినప్పటి నక్షాలో ఉన్న దానికన్నా నాలుగున్నర మీటర్లు ఎక్కువ వచ్చింది. బయటికి వెళ్లి గోడ వెంట కొలిస్తే ఇల్లు ఎంతుండాలో అంతే ఉంది. మూడుసార్లు కొలిచాను.

అప్పుడే గోడ మీది మా పెళ్లి ఫొటో కేసి చూశాను. అందులో నేను మరీ లావుగా కనబడుతున్నానని నెల రోజులుగా అనుకుంటున్నాను. లావు కాదు. ఫ్రేముతో సహా ఫొటో అడ్డంగా సాగింది. గచ్చు కూడా సాగి, ఎర్రరంగు పల్చబడి గులాబీలోకి దిగింది. టేపు కొత్తగా లోపలికి తెచ్చింది గనక సాగలేదు. విమానం వెళ్లేటప్పుడు ఆ నడవలో ఉన్న ప్రతిదీ సాగుతోంది.

మర్నాడు ఫొటో కింద బల్లి కనబడింది. ముందు అది తాడు ముక్క అనుకున్నాను. తల గోడ మీద ఒకచోట ఉంది, తోక మూరెడు అవతల ఉంది. బతికే ఉంది. కన్ను తిప్పి నన్ను చూసింది, కదలబోయింది, కాళ్లు ఒకదానికొకటి అందలేదు. నేను బయటికి పరుగెత్తాను.

ఆ సంగతి భుజంగరావు గారికి చెప్పాను. ఆయన ఉత్తరీయం సవరించుకుని, “బల్లికి ఏదో జబ్బమ్మా. మన కొలత ఏమంటోంది?” అన్నారు.

“ఏడు మిల్లీమీటర్లండీ. పరిమితిలోనే ఉంది.”

“మరింకేం?”

నిజమే, మరింకేం అనుకున్నాను. భయం వేసినప్పుడు మనిషి ధైర్యం చెప్పేవాళ్ల మాటే వింటాడు. మా ఆయనకి మాత్రం విమానాల వేళలన్నీ చెప్పి, ఆ తొమ్మిది నిమిషాలూ నడవలో అడుగు పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. బల్లి గురించి చెప్పలేదు.

“ఏటి హైమా, నిజం చెప్పు. ఏటవుతాది?” అని అడిగారు.

“ఏమీ కాదు. వేరే క్వార్టరుకి రాసి పెట్టాను, వారంలో మారిపోదాం,” అన్నాను.

ఆ వారం పూర్తి కాలేదు.

గురువారం నుంచి పెద్ద విమానం మొదలైంది. అంతకు ముందు దానికన్నా మూడింతలు బరువు. ఏడు గంటలకి అది లేచింది. స్తంభం ఎప్పుడూ తేనెటీగల్లా రొద చేసేది, ఆ రోజు మూలిగింది. తొమ్మిది నిమిషాల్లో హైదరాబాదులో దిగిందని కబురు రాగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొలత ఎనిమిది చూపించింది.

ఏడూ యాభైకి మా ఆయన ఫోన్ చేశారు.

“హైమా, మంచినీళ్లకని బయల్దేరేను. నలభై అడుగులు వేసేను, గడప తగల్లేదు. వెనక్కి వచ్చీసి మంచం మీద కూర్చున్నాను. నడవలో చప్పుడు చేస్తే అవతల్నించి తిరిగి రావట్లేదే.”

ఇరవై మూడు కాస్తా నలభై దాటింది. మహా అయితే అరవై ఉంటుంది, నిమిషం నడక, ఎనిమిది గంటల విమానానికి ఇంకా పది నిమిషాలుంది అని నా బుర్ర గబగబా లెక్క కట్టింది.

“వెంటనే బయల్దేరండి! గోడ పట్టుకుని ఆగకుండా వీధిలోకి వచ్చెయ్యండి!”

“మరి విమానం...”

“టైముంది. నా మాట వినండి!”

ఆయన ఎప్పుడు నా మాట వినలేదు గనక? సరేనన్నారు. చెప్పుల చప్పుడు, “ఒకటి, రెండు, మూడు,” అని లెక్క వినబడ్డాయి. ఆ లెక్క డెబ్భై దాటింది, నూరు దాటింది. నూట ముప్ఫై దగ్గర ఫోన్ గరగరలాడి తెగిపోయింది. మళ్లీ చేస్తే అందలేదు.

వెంటనే లేచి ఎనిమిది గంటల విమానాన్ని ఆపించాల్సింది. ఆపించలేదు. నూట ముప్ఫై నడిచిన మనిషి ఇంకో పది నడిచి గడప దాటే ఉంటాడని, కుళాయి దగ్గర నిలబడి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. నోటుపుస్తకం తెరిచి, ఇన్నాళ్లూ నేను వేసిన అంకెలు కూడటం మొదలుపెట్టాను. సగం కూడేసరికి ఎనిమిదైంది. స్తంభం మూలిగింది. కొలత తొమ్మిదికి చేరింది.

కూడిక పూర్తయింది. నూట నలభై రెండు రోజులు. తొమ్మిది వందల ఎనభై ఆరు మిల్లీమీటర్లు. పది దాటితే ఆగిపోవాల్సిన యంత్రం.

క్వార్టర్స్ కాపలా చూసే గౌరునాయుడికి ఫోన్ చేశాను. “మా ఇంటి దగ్గరికి వెళ్లి చూడు నాయుడూ. ఆయన వీధిలో ఉన్నారా?”

రెండు నిమిషాలకి అతను పలికాడు. “తలుపు తీసి వంటింట్లోనే నిలబడ్డానమ్మా. ఎవులూ నేరు. నోపల్నించి బాబు మిమ్మల్నే పిలుస్తన్నారు. గొంతు మాత్రం ఏటి అవతలి గట్టు నించి వస్తన్నట్టున్నాది. నాకు బయమేస్తందమ్మా, నేనెళ్లిపోతన్నాను.”

నాకు బల్లి గుర్తొచ్చింది. ఎనిమిది గంటల విమానం వెళ్లినప్పుడు ఆయన నడవలోనే ఉన్నారు. ఎనిమిదిన్నరకి ఇంకోటి ఉంది.

నోటుపుస్తకం పట్టుకుని భుజంగరావు గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన ముందు తెరిచిన పేజీ పెట్టి, కింద గీత గీసి వేసిన మొత్తం చూపించాను. “ఎనిమిదిన్నర విమానం ఆపండి. మా ఆయన ఆ ముడతలో ఉన్నారు.”

“మీ ఇంటి నడవ కోసం విమానం ఆపమంటారా హైమవతి గారూ? రెండు వందల మంది ఎక్కి కూర్చున్నారు.”

“నడవ కోసం కాదండీ. మనిషి కోసం. రోజూ సున్నా చేశాం మనం. మిగిలిన దూరం పోలేదు. అంకె మాత్రమే పోయింది.”

ఆయన పేజీలు వెనక్కి తిప్పారు. ఒక్కో పేజీ దగ్గరా నా సంతకం కింద ఆయన సంతకం. తిప్పుతున్న వేళ్లు నెమ్మదించాయి. ఉత్తరీయం ఒళ్లోకి జారింది, తీసుకోలేదు.

“భక్తితో చెయ్యమన్నానమ్మా,” అన్నారు చిన్నపిల్లాడిలా.

“నేనూ భక్తితోనే నొక్కాను.”

“ఆపమని పైవాళ్లని అడగాలి. గంట పడుతుంది.”

గంట లేదు. ఎనిమిదీ ఇరవై నాలుగైంది. నేను యంత్రం గదిలోకి వెళ్లాను. ఆయన నా వెనకే వచ్చారు. సున్నా మీట పక్కన ఇంకో మీట ఉంటుంది, దానికి ఎర్రటి మూత. నూట నలభై రెండు రోజుల కుంకుమ ఆ మూత మీద పేరుకుని ఉంది. అది నొక్కితే మేం చేసిన సున్నాలన్నీ చెరిగిపోయి మొదటి రోజు నుంచి ఉన్న అసలు లెక్క బయటికి వస్తుంది.

“ఇది నొక్కితే మళ్లీ తెరుచుకోదమ్మా. పదకొండేళ్ల పని,” అన్నారు భుజంగరావు గారు. ఆయన కళ్లలో నీళ్లు. అడ్డం మాత్రం రాలేదు.

గోళ్లతో కుంకుమ గీకి, మూత తీసి నొక్కాను.

తొమ్మిది వందల తొంభై ఐదు. ఎర్రదీపం వెలిగింది. స్తంభం రొద ఆగిపోయింది. రన్‌వే మీద ఉన్న విమానాన్ని వెనక్కి పిలిచారు. రెండు వందల మందినీ దింపి ఉప్మా పెట్టారని, మామూలు దారిలో గంటా పావు ప్రయాణం చేయించారని తర్వాత తెలిసింది. చాలామంది ఆలస్యానికి తిట్టుకున్నారట.

నేను అప్పటికి ఇంటి వైపు పరుగెడుతున్నాను.

వంటింట్లో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున నేను మూతపెట్టి వెళ్లిన పాలగిన్నె కూడా అలాగే ఉంది. నడవ గడప దగ్గర నిలబడి లోపలికి చూశాను. గోడలు రెండూ దూరంగా వెళ్లి వెళ్లి ఒకదానికొకటి ఆనుకున్నట్టున్నాయి. పడకగది తలుపు ఆవగింజంత కూడా లేదు. ఆ గడప దాటాలంటే కలిగిన భయం నేను జన్మలో ఎరగను. విశాఖ నుంచి హైదరాబాదుకు తొమ్మిది నిమిషాలు చేశాం. మా వంటింటి నుంచి పడకగదికి గంట నడక చేశాం.

“ఏవండీ!” అని అరిచాను.

చాలాసేపటికి ఒక గొంతు వచ్చింది. మాటలు తెలియలేదు.

గోడ మీద చెయ్యి వేసి బయల్దేరాను. ఆయనలాగే పైకి లెక్కపెడుతూ నడిచాను. అది కూడా లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. వెయ్యి దాటాక గోడ మీద రంగులు మొదలయ్యాయి. ముందు పసుపు, తర్వాత ఎరుపు, తర్వాత చామనఛాయ. ఆ రంగు మధ్య పొడుగ్గా ఒక నల్ల చార వచ్చినప్పుడు గాని అది నా కన్ను అని తెలియలేదు. మా పెళ్లి ఫొటో. నా చెంప దాటడానికి ఎనభై అడుగులు పట్టాయి. పెళ్లినాడు ఫొటోగ్రాఫరు ఇంకా దగ్గరికి జరగండమ్మా అంటే సిగ్గుపడి వేలెడు జాగా వదిలాను. ఆ వేలెడు జాగా దాటడానికి ఇరవై ఒక్క అడుగులు. ఏడుస్తూనే లెక్కపెట్టాను.

మూడు వేల నూట పన్నెండో అడుగు దగ్గర ఆయన కనబడ్డారు. గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నారు.

“వచ్చీసేవా హైమా?” అన్నారు. “నాలుగు వందల ఎనభై రెండు దాకా లెక్కున్నాది. అప్పుడు అడుగు వేసేను. కాలు నేలకి దిగలేదే. ఎంతసేపటికీ దిగలేదు. దిగేక ఏ వైపు నించి వచ్చేనో, ఏ వైపు పోవాలో తెలీలేదు. అందుకే కూర్చుండిపోయేను.”

ముందుకు చాపిన కుడికాలు చూశాను. మోకాలి నుంచి పాదం దాకా పంచె కప్పలేకపోయింది. ఎడమకాలికన్నా రెండు జానలు పొడుగు. చర్మం గచ్చులాగే పల్చబడి లోపలి నరాలు నీలంగా కనబడుతున్నాయి. నోట్లో కొంగు కుక్కుకున్నాను.

“ఎలాగున్నాదో చెప్పు,” అన్నారు. “నాకు చెయ్యి వేసి చూసుకోడానికి భయంగా ఉన్నాది.”

ఈసారి అబద్ధం చెప్పలేదు. “సాగింది. రెండు జానలు. నొప్పిగా ఉందా?”

“తిమ్మిరి. అంతే.” తర్వాత అన్నారు, “అయితే ఇంక నా అడుగులు సమానంగా పడవన్నమాట. నాకు లెక్క పోయినట్టే.”

అప్పుడు ఆయన ఏడ్చారు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. తప్పు నాదని చెప్పాను. సున్నా మీట గురించి, బల్లి గురించి, ఎనిమిది గంటల విమానం గురించి అంతా చెప్పాను. ఆయన నా చెయ్యి విడిచిపెట్టలేదు. అలాగని పర్వాలేదని కూడా అనలేదు.

చివరికి గోడ పట్టుకుని ఎలాగో లేపి, ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. కుడికాలు ఒంగి, దూరంగా పడింది. ఎడమకాలు దాన్ని అందుకోలేక ఈడ్చుకుంటూ వచ్చింది.

“నువ్వెన్ని అడుగులొచ్చేవు?”

“మూడు వేల నూట పన్నెండు.”

“సరిగ్గా లెక్కపెట్టేవా?”

“ఒక్కటి కూడా వదల్లేదు.”

“అయితే నువ్వే లెక్కపెట్టు, నేను నడుస్తాను.”

“ఒకటి నుంచి మొదలుపెట్టనా?” అన్నాను.

నా భుజం మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి.

“వద్దే. మళ్లీ మొదటికి రావద్దు. ఉన్నదాని మీదే లెక్కపెట్టు.”

వంటింటి వైపు తిరిగి మొదటి అడుగు వేశాం.

“మూడు వేల నూట పదమూడు,” అన్నాను.